పొదుగు మీదున్న పెట్టకు పురుగులు పట్టాయి

ప్రశ్న: మాది పాలకొండ దగ్గర పల్లెటూరు. పెరట్లో నాటు కోళ్లు పెంచుతున్నాం. ఒక పెట్టను పదకొండు గుడ్ల మీద పొదుగుకు కూర్చోబెట్టాం. నిన్న గంప తీస్తే ఒకటే కంపు. పెట్టను తిరగేసి చూస్తే తోక కింద ఈకలు రెట్టతో అట్టకట్టి ఉన్నాయి, లోపల తెల్ల పురుగులు లుకలుకలాడుతున్నాయి. కిరసనాయిలు పొయ్యమని ఒకరు, కలరా ఉండలు నూరి అద్దమని ఇంకొకరు చెబుతున్నారు. మా అత్తగారేమో కోసి కూర వండేద్దాం అంటున్నారు. ఏం చెయ్యమంటారు?
– ఒక సోదరి, పార్వతీపురం మన్యం జిల్లా

జవాబు: అమ్మా, పత్రిక అచ్చయి మీ ఊరు చేరేదాకా ఆ పెట్ట ఆగదు కాబట్టి, చెప్పాల్సింది ముందే ఫోన్లో చెప్పేశాను. ఇది మిగతావాళ్ల కోసం.

ముందు కిరసనాయిలు సీసా, కలరా ఉండల పొట్లం దూరంగా పెట్టండి. కిరసనాయిలు పచ్చి పుండును కాల్చేస్తుంది. కలరా ఉండల పొడి పుండులోంచి ఒంట్లోకి దిగితే విషం. గేదె గిట్ట పుండుకు పెద్దవాళ్లు వాడారని కిలోన్నర కోడికి వాడితే ఎలా? కూర సంగతి అత్తగారికి నా మాటగా చెప్పండి: పుండు కుళ్లి, పురుగు పట్టిన కోడి తినడానికి పనికిరాదు.

పెట్టను నీడలోకి, ఈగలు రాని గదిలోకి తీసుకెళ్లండి. ఒకరు పాత తువ్వాలుతో రెక్కలు కదలకుండా పట్టుకుంటే, ఇంకొకరు పని చెయ్యాలి. తోక కింద అట్టకట్టిన ఈకలను కత్తెరతో చర్మం దాకా కత్తిరించండి. పీకకండి, చర్మం ఊడివస్తుంది. లీటరు గోరువెచ్చటి నీళ్లలో రెండు చిన్న చెంచాల ఉప్పు కలిపి, సూది లేని సిరంజితో పుండు లోపలికి పోస్తూ కడగండి. పైనున్నవి కొట్టుకుపోతాయి. లోతుకు దిగినవి మాత్రం అంత తేలిగ్గా రావు. ఈ పురుగు తల మాంసంలో దూర్చి తింటూ, తోకను పైకి పెట్టి వెనక భాగంతోనే గాలి పీలుస్తుంది. అందుకే పుండు నిండా కొబ్బరినూనె గానీ వ్యాజిలైన్ గానీ పట్టించి పది పదిహేను నిమిషాలు ఆగండి. ఊపిరాడక పైకి వస్తాయి. అప్పుడు ప్లక్కర్‌తో ఒక్కొక్కటే తీసి సబ్బు నీళ్ల గిన్నెలో వెయ్యండి. నేల మీద పారేస్తే మట్టిలో దూరి, కొన్నాళ్లకు మళ్లీ ఈగలై లేస్తాయి.

చుట్టుపక్కల ఈకల మొదళ్లను కూడా టార్చి వేసి చూడాలి. బొంబాయి రవ్వ అతికించినట్టు తెల్లగా కనిపించేవి ఈగ గుడ్లు. ఒక్కరోజులోపే పగిలి పురుగులవుతాయి. చాలామంది ఈ రోజు శుభ్రం చేసి హమ్మయ్య అనుకుంటారు, రేపు మళ్లీ చూడరు. పూటపూటకీ చూడాలి, పుండు ఆరి పొక్కు కట్టేదాకా చూస్తూనే ఉండాలి. కడిగాక తడి పూర్తిగా ఆరబెట్టి, నీళ్లు కలిపిన బీటాడిన్ రాయండి. పశువుల మందుల షాపులో పుండ్లకు, ఈగలకు స్ప్రేలు దొరుకుతాయి. కోళ్లకు పనికొస్తుందో లేదో అడిగి తీసుకోండి. తాగడానికి ఎలక్ట్రోలైట్ నీళ్లు పెట్టండి. యాంటీబయాటిక్ అవసరమా అన్నది డాక్టరు చూసి చెప్పాలి. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వాళ్లు దారి చెబుతారు. పురుగులు గుడ్డు వచ్చే దారిలోంచి పొట్టలోకి దిగిపోయి, కోడి తల వాల్చేసి ఉంటే మాత్రం బతకదు. దాన్ని రోజుల తరబడి బాధపెట్టొద్దు, డాక్టరుతో మాట్లాడండి.

ఈ పెట్టను మళ్లీ గుడ్ల మీద కూర్చోబెట్టకండి. పొదుగు మీదున్న ఇంకో పెట్ట ఉంటే గుడ్లు దాని కిందికి మార్చండి.

అసలు ఈగ ఎందుకు వచ్చిందంటే, వాసన పిలిచింది కాబట్టి. పచ్చగా, నీలంగా మెరిసే ఆ ఈగలకు తడి రెట్ట గానీ పుండు గానీ కావాలి. పొదుగు పెట్ట రోజులో ఒకటి రెండుసార్లే లేస్తుంది, కింద గడ్డి చెమ్మగిలినా కదలదు. పైగా దానికి పారుడు ఉంటే తోక కింద అంతా అంటుకుంటుంది. కాబట్టి మేతకు లేచినప్పుడల్లా తోక ఎత్తి చూడటం అలవాటు చేసుకోండి. మిగతా కోళ్లలోనూ తోక తడిగా ఉన్నది కనిపిస్తే, ఈగల కంటే ముందు పారుడు సంగతి చూడాలి. ఎక్కువగా కడుపులో నులిపురుగులు, లేదా రక్తపారుడు. రెట్ట పరీక్ష చేయించి మందు వెయ్యండి. కుక్క పట్టిన గాయం, ముంగిస కొరికిన గాయం, పుంజు గోళ్ల గాటు... వానాకాలంలో ఇవేవీ చిన్నవి కావు. గూట్లో ఊక తడిసిన చోట వెంటనే తీసి పొడిది వెయ్యండి. పెరట్లో ఒక మూల బూడిద, పొడిమట్టి ఉంచితే కోళ్లే పొర్లి ఒళ్లు శుభ్రం చేసుకుంటాయి.

ఇంకొకటి. చచ్చిన ఎలుకను, కోడిని గోడ అవతల విసరకండి, లోతుగా పూడ్చండి. కుళ్లిన శవంలోని పురుగులను ఏరుకు తింటే కోళ్లకు మెడ వాలిపోయే జబ్బు వచ్చి, చచ్చిపోతాయి కూడా.

ప్రశ్న: మేడ మీద నాలుగు గ్రామప్రియ కోళ్లున్నాయి. ఒకదాని పుండులో పురుగులున్నాయి. మా కుక్కకు వాడిన ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు మిగిలింది. వెయ్యొచ్చా? గుడ్లు తినొచ్చా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ అంతట మీరు వెయ్యొద్దు. కుక్క డోసు వేరు, కోడి డోసు వేరు, మోతాదు మించితే ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరే వేస్తే, గుడ్లు ఎన్ని రోజులు తినకూడదో ఆయన్నే అడిగి క్యాలెండర్లో రాసుకోండి. ఆ రోజుల గుడ్లు పారెయ్యాల్సిందే. పక్కింటివాళ్లకు ఇవ్వకండి, వాళ్లూ మనుషులే!