జింకు సంగతి అమ్మికి

చిరంజీవి అమ్మికి పెదనాయన ఆశీస్సులు.

బెంగళూరు ఉద్యోగం మానేసి, ఈ ఖరీఫ్‌కు మైదుకూరు దగ్గర మన మూడెకరాల్లో నువ్వే వరి పెడతావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. జింకు వేసి, పిల్లలకు బలమిచ్చే బియ్యం పండిస్తానన్నావట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సగం సంతోషం, సగం టెన్షన్. మన ఇంట్లో ఆడమనిషి సేద్యం చేయడం కొత్తేమీ కాదు, మీ జేజి చేసింది. నెలజీతం వదులుకుని చేసేది మాత్రం నువ్వే. మళ్లీ ఆలోచించుకో అని చెప్పబోయి ఊరుకున్నాను. చెప్పినా వినేదానివి కాదు.

ముందు మట్టి పరీక్ష చేయించు. జింకు 0.6 పీపీఎంకు, అంటే కిలో మట్టిలో 0.6 మిల్లీగ్రాములకు తగ్గితేనే దిగుబడికి లోటు. చాలినంత ఉన్న నేలలో ఇంకా పోస్తే ఖర్చు తప్ప వడ్లు పెరగవు. నారు, నాటు సంగతులు మీ నాయనను అడుగు. కేసీ కాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారో తేలకుండా నారు మాత్రం పోయొద్దు. మనది కాలువ చివరి పొలం, పైవాళ్లకు చాలి మిగిలితేనే మనకు. ముదిరిన నారు నాటి ఏడ్చినవాళ్లను ఎంతమందినో చూశాను.

మన నల్లరేగడిలో సున్నం ఎక్కువ. పైగా ఏళ్ల తరబడి నీళ్లు నిలిపి వరి మీద వరి వేశాం. ఇట్లాంటి మడిలో జింకు మట్టిలో ఉన్నా వేరుకు అందదు. నాటే ముందు నీళ్లు పెట్టి దున్నే ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ చల్లితే మూడు పంటల దాకా మళ్లీ అక్కర్లేదు. ఆ లెక్క 21 శాతం రకానికి. 33 శాతం రకం కూడా అమ్ముతారు, మూట మీద చదివి తీసుకో. బిల్లు లేనిదే కొనొద్దు.

ఇక నేను ఈ ఉత్తరం రాసేదే ఈ మాట కోసం. జింకును డీఏపీతో, అంటే ఆ భాస్వరం ఎరువుతో కలపొద్దు.

మీ నాయన ఈ సంగతి నీకు చెప్పి ఉండడు. నీకప్పటికి ఊహ తెలియదు. సాంబ మసూరి వేశాడు. నాటిన మూడు వారాలకు పైరు ఎదగడం ఆగిపోయింది. కింది ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు, ఆకు మొదట్లో ఈనె తెల్లబడింది. గెనెం గట్టు మీద నిలబడినవాళ్లంతా డాక్టర్లే. ఒకరు అగ్గితెగులు అన్నారు, మందు కొట్టాడు. ఇంకొకరు యూరియా చాలలేదన్నారు, అదీ చల్లాడు. ఆఖరికి ఎవరో జింకు అన్నారు. వాళ్లు అన్నది నిజమే. కానీ అప్పటికే మనిషికి కాలు నిలవడం లేదు. కల్లంలో పట్ట పరిచి, ఇంట్లో ఉన్న డీఏపీ, కొత్తగా తెచ్చిన జింకు ఒక్క కుప్పగా కలిపి, కూలోళ్లకు రెండుసార్లు ఎందుకు ఇవ్వాలని ఒకేసారి చల్లించాడు. డీఏపీలోని భాస్వరం జింకును పట్టుకుని కరగని పదార్థంగా మారుస్తుంది. అంత డబ్బు పోసినా వేరుకు అందింది తక్కువ.

తర్వాత ఒక వ్యవసాయాధికారి వచ్చి ఆకును వంచితే పెళుసుగా విరిగింది. జింకు లోపానికి అదొక గుర్తు. అప్పటికి పిలకలు పెట్టే రోజులు దాటిపోయాయి. ఒకే మడిలో ఇటు ఎన్ను తీస్తుంటే అటు ఇంకా పొట్ట మీద ఉంది. ఎప్పుడు కోయాలో కూడా తెలియలేదు. ఆ ఏడు గిత్తల జత అమ్మాడు. సంత నుంచి బస్సెక్కకుండా నడిచే వచ్చాడు. అమ్మిన డబ్బు జేబులో పెట్టుకుని నడిచాడు, పిచ్చోడు. ఇంటికొచ్చి నిన్ను ఎత్తుకుని కూర్చున్నాడు, అన్నానికి లేవలేదు.

కాబట్టి రెండింటికీ మధ్య రెండు మూడు రోజులైనా ఎడం ఉంచు. కూలి డబ్బు చూసుకోవద్దు, కావాలంటే నేనిస్తాను. పైరు మీద లోపం కనిపిస్తే లీటరుకు 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి, ఐదు రోజుల ఎడంతో రెండు మూడుసార్లు కొట్టు. అందులో పురుగుమందు కలపొద్దు.

గింజలో జింకు పెరగాలంటే దమ్ములో వేసింది చాలదు. ఎన్ను తీసి పాలు పోసుకునేటప్పుడు ఆకు మీద కొట్టాలి. లీటరుకు 5 గ్రాముల జింక్ సల్ఫేట్, అంటే ఎకరాకు 200 లీటర్ల నీళ్లకు కిలో. ముందు ఒక మూల కొట్టి, ఆకు మాడలేదని చూసుకుని మిగతాది కొట్టు. వరి పూత పొద్దున విచ్చుకుంటుంది, అందుకని సాయంత్రమే కొట్టించు.

హైదరాబాద్ వరి పరిశోధన సంస్థ వాళ్ల డీఆర్ఆర్ ధాన్ 45 అనే రకం 2016లో వచ్చింది. పాలిష్ పట్టాక కూడా 22.6 పీపీఎం జింకు ఉంటుంది. మామూలు బియ్యంలో 12 నుంచి 16 దాకానే. అర ఎకరం వేసి, అన్నం వండి తిని చూడు. నచ్చితే వచ్చే ఏడు పెంచుకో. మిల్లులో పాలిష్ తక్కువ పట్టించు.

అమ్మేటప్పుడు సంచి మీద రోగాలు నయమవుతాయని రాయొద్దమ్మీ. పిల్లల ఎదుగుదలకు, రోగాన్ని తట్టుకోవడానికి జింకు కావాలి, అది నిజమే. బియ్యాన్ని మందని అమ్మితే మాత్రం రేపు ఎవరి బిడ్డకు జ్వరం వచ్చినా నీ గడప దగ్గరికే వస్తారు. గింజను ల్యాబులో పరీక్ష చేయించి, వచ్చిన అంకె మాత్రం రాయి.

దమ్ము రోజు నేనొస్తాను. మోకాళ్లు బాగాలేవు, గెనెం మీద కుర్చీ వేయించు చాలు. ఈ ఉత్తరం మీ నాయన అడిగితే చూపించు కానీ, డీఏపీ ఉన్న కాగితం తీసి పెట్టుకుని చూపించు.

మీ పెదనాయన