అటక మీది రికార్డులు కడగొచ్చా?

ప్రశ్న: తాతగారి పెంకుటింటి అటక మీద కుక్క బొమ్మ ఉన్న నల్ల రికార్డులు పెట్టెడు దొరికాయి. అన్నిటికీ తెల్లగా బూజు పట్టింది. స్పిరిట్‌తో తుడిస్తే పోతుందంటున్నారు. నిజమేనా? వీటిని ఇప్పటి ప్లేయర్ మీద వేయొచ్చా?
– ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: స్పిరిట్ జోలికి పోనేవద్దు. చేతికి బరువుగా ఉండి, లేబుల్ మీద 78 అని (అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగేవని) ఉంటే అవి లక్క రికార్డులు. తలుపులకు లక్క పాలిష్ వేసే వడ్రంగులు లక్కను కరిగించేది స్పిరిట్‌లోనే. ఒక్కసారి తుడిచినా గాడుల మెరుపు పోతుంది, పాట వెనకాల గరగర శాశ్వతంగా ఉండిపోతుంది.

ముందు ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఆరుబయట మెత్తటి పొడి బ్రష్‌తో బూజు దులపండి. అర లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కలు గిన్నెల సబ్బు ద్రవం కలిపి, మెత్తటి నూలుగుడ్డ ముంచి గట్టిగా పిండి, గాడుల వెంట గుండ్రంగా తుడవండి. అడ్డంగా రుద్దకూడదు. లేబుల్ తడవకూడదు, రికార్డును నీళ్లలో నానబెట్టకూడదు. ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో మరోసారి తుడిచి నీడన నిలబెట్టి ఆరనివ్వండి. ఎండలో పెడితే వంకర పోతుంది. ఇంత చేసినా కొన్నిట్లో బుసబుస వినిపిస్తుంది. అక్కడ బూజు లక్కనే తినేసిందన్నమాట, దానికి మందు లేదు.

కోనసీమ వానాకాలంలో అటక పనికిరాదు. కొత్త కాగితం కవర్లలో వేసి, గాలి ఆడే బీరువాలో నిటారుగా నిలబెట్టండి. జారితే పెంకులా పగులుతాయి.

ఇప్పటి ప్లేయర్‌లో 78 వేగం ఉండాలి, 78కి పనికొచ్చే ముల్లూ ఉండాలి. ఎల్పీ (78ల తర్వాత వచ్చిన, సన్న గాడుల వినైల్ రికార్డు) ముల్లు మొన సుమారు 0.025 మిల్లీమీటర్లు, 78 ముల్లుది దానికి మూడింతలు. సన్న ముల్లు వెడల్పు గాడి అడుగుకు దిగి అక్కడి మురికినే చదువుతుంది. లేబుల్ అంచున చిన్న కాగితం ముక్క పెట్టి లెక్కపెట్టండి: అర నిమిషానికి 39 చుట్లు తిరిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు.

కీ తిప్పే పాత గ్రామఫోన్ ఉంటే ఉక్కు ముల్లును ఒక్కో వైపుకూ మార్చాల్సిందే. లక్కలో రాతిపొడి కలిపి ఉంటుంది, అది ముల్లును అరగదీసి గాడికి సరిపడా చేసుకుంటుంది. వైపు పూర్తయ్యేసరికి మొనకు పదును అంచులు వస్తాయి. అదే ముల్లు మళ్లీ పెట్టారంటే గాడిని కోసేస్తుంది. ఆ గ్రామఫోన్ మీద ఎల్పీ మాత్రం వేయకండి, ఆ బరువుకు పాడైపోతుంది.

ఇవన్నీ వందేళ్ల నాటివే అనుకోనక్కర్లేదు. మన దేశంలో 1960ల్లోనూ 78 రికార్డులు అచ్చయ్యాయి, ఇంగ్లాండు పాప్ బృందం బీటిల్స్ పాటలతో సహా.

ప్రశ్న: రికార్డుల లేబుల్ మీది ఆ కుక్క నిజంగా ఉండేదా?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: ఉండేది. పేరు నిప్పర్. ఇంగ్లాండు చిత్రకారుడు ఫ్రాన్సిస్ బరాడ్ మొదట దాన్ని సిలిండర్‌తో పాడే ఫోనోగ్రాఫ్ ముందు కూర్చోబెట్టి గీశాడు. 1899లో గ్రామఫోన్ కంపెనీ ఆ బొమ్మను కొంటూ, ఆ యంత్రం బదులు తమ గ్రామఫోన్ వేయమంది. ఆయన పాతదాని మీదే రంగు వేసి కొత్తది గీశాడు.