1972 ఎమ్‌జీబీకి అల్లాయ్‌లు, బకెట్ సీట్లు: బంగారం కుదువ పెట్టొచ్చా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా మామగారు ఇచ్చిన 1972 ఎమ్‌జీబీ రోడ్‌స్టర్ (టాప్ మడిచే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఉంది. ఆదివారాలు సాగర్ దాకా తిప్పుతాను. 15 అంగుళాల అల్లాయ్ చక్రాలు, 195/50 టైర్లు, రెండు బకెట్ సీట్లకు 2.7 లక్షలు అవుతుందన్నారు. చిట్టీ ఎత్తిన డబ్బు 1.5 లక్షలుంది. మిగతా 1.2 లక్షలకు ఇంట్లో బంగారం కుదువ పెడదామనుకుంటున్నాను, నూటికి రూపాయి మిత్తి. రిజిస్ట్రేషన్ వచ్చే ఏడాది ముగుస్తుంది. చేయించమంటారా?

జవాబు: బంగారం బీరువాలోనే ఉండనివ్వండి. ఆ లెక్కన నెలకు 1,200, ఏడాదికి 14,400 మిత్తికే పోతుంది, అసలు అట్లనే నిలబడి ఉంటుంది. పోనీ బండి ధరైనా పెరుగుతుందా అంటే అదీ లేదు. ఇలాంటి కారు కొనడానికి వచ్చినవాళ్లు ముందుగా అడిగేది పాత చక్రాలు, పాత సీట్లు ఉన్నాయా అనే.

అసలు మీ 1.5 లక్షల్లో మొదటి వాటా రవాణా శాఖది. మీ ఉత్తరంలో ఒక్క ముక్కతో దాటేసిన రిజిస్ట్రేషనే నా దృష్టిలో పెద్ద ఖర్చు. 20 ఏళ్లు దాటిన దిగుమతి కారు రెన్యువల్ రుసుమును కేంద్రం 2025 ఆగస్టులో 80,000 చేసింది. జీఎస్టీ అదనం, చెల్లుబాటు ఐదేళ్లే. రెండో దారి వింటేజ్ రిజిస్ట్రేషన్. తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండికి 2021 నిబంధనల ప్రకారం 20,000 కడితే పదేళ్లకు ఇస్తారు, తర్వాత రెన్యువల్ 5,000. అయితే ఆ బండిని ప్రదర్శనలకు, వింటేజ్ ర్యాలీలకు, పెట్రోలు పోయించడానికి, మరమ్మతుకు, ఇలాంటి పనులకే రోడ్డెక్కించాలి. ప్రతి ఆదివారం సాగర్ షికారు ఇందులోకి రాదు.

ఈ వింటేజ్ దారికి ఇంకో షరతుంది: ఛాసిస్, బాడీ షెల్, ఇంజిన్ పెద్దగా మార్చి ఉండకూడదు. ఎమ్‌జీబీకి విడిగా ఛాసిస్ (అడుగు చట్రం) లేదు. నేల రేకు, తలుపుల కింది సిల్స్ కలిసే బండి బరువు మోస్తాయి. బకెట్ సీట్లు జరిపే పట్టాల కోసం ఆ రేకును కోసి బ్రాకెట్లు వెల్డింగ్ చేశారంటే, తనిఖీలో అడ్డం పడేది అదే. విప్పి మళ్లీ పాతది బిగించుకోగల మార్పు వేరు, కోసిన మార్పు వేరు. పైగా ఈ కారులో సిల్‌కూ గేర్‌బాక్స్ టన్నెల్‌కూ (నేల మధ్యలోని ఉబ్బు) మధ్య చోటు తక్కువ. పక్కలు ఎత్తుగా ఉండే బకెట్ సీటు అక్కడ ఇరుక్కుంటుంది, కొత్త బ్రాకెట్‌తో కాస్త పైకి లేస్తే స్టీరింగ్ తొడలకు, టాప్ తలకు తగులుతాయి.

సీట్లో కూర్చుంటే కిందికి దిగిపోతున్నట్టుంటే, సీటు పాడైందని కాదు. అడుగున కొక్కేలతో లాగి కట్టిన రబ్బరు షీటు చిరిగి ఉంటుంది, ఫోమ్ పొడి రాలుతుంటుంది. షీటు తెప్పించుకుని, గట్టి ఫోమ్‌తో పాత కవర్ల కొలతలకే కుట్టించండి. రెండు సీట్లకు దాదాపు 20,000.

చక్రాల సంగతి. ఇప్పుడు బండికి నాలుగు నట్ల రోస్టైల్ ఉక్కు చక్రాలే (కారుతో వచ్చిన పాతవి) ఉంటే 165/80 ఆర్14 టైర్లు వేయించండి. మారుతీ డిజైర్ తక్కువ ధర మోడళ్లకు వచ్చిన సైజే కాబట్టి నల్లగొండలోనే దొరుకుతాయి, నాలుగూ కలిపి 20,000 నుంచి 22,000. ఈ టైరు మొత్తం ఎత్తు దాదాపు 620 మి.మీ. మీకు చెప్పిన 195/50 ఆర్15 ఎత్తు 576 మాత్రమే. అంటే బండి 22 మి.మీ. కిందికి దిగుతుంది, స్పీడోమీటర్ 80 చూపిస్తుంటే నిజంగా పోయేది 74. మన ఊళ్ల స్పీడ్‌బ్రేకర్ల మీద ఆ 22 మి.మీ. విలువ సైలెన్సర్ గీసుకున్నప్పుడు తెలుస్తుంది.

డిజైర్ అల్లాయ్‌లు కూడా పడతాయని ఎవరైనా అంటే నమ్మొద్దు. వాటి నట్ల వలయం 100 మి.మీ., ఎమ్‌జీబీది 114.3. చక్రం బిగించే స్టడ్లు అర అంగుళం యూఎన్‌ఎఫ్ (అంగుళాల కొలత) మరవి, మెట్రిక్ నట్ బలవంతంగా ఎక్కిస్తే మర చెడుతుంది. అల్లాయ్‌లే కావాలంటే 14 అంగుళాల్లో, ఎమ్‌జీబీ కోసమే చేసిన మినీలైట్ తరహావి (ఆకుల డిజైన్‌వి) కొనుక్కోండి, పాతవి అమ్మకండి. ముందు ఆర్టీఓ కార్యాలయంలో, బీమా కంపెనీలో అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. అనుమతి లేని మార్పుకు మోటారు వాహనాల చట్టం 182ఎ సెక్షన్ కింద ఒక్కోదానికి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ ఉండొచ్చు. చెప్పకుండా చేసిన మార్పు క్లెయిమ్ రోజున బీమా కంపెనీకి సాకవుతుంది.

సాగర్ షికారు వదులుకోలేనంటే జీఎస్టీ కలిపి రెన్యువల్‌కు లక్ష పక్కన పెట్టండి. టైర్లు, సీట్లు పోగా ఎనిమిది వేలు మిగులుతుంది, దాన్ని చక్రాల రంగుకు కాదు, బ్రేక్ హోస్‌లకు (బ్రేక్ ఆయిల్ వెళ్లే రబ్బరు గొట్టాలకు) వాడండి. వింటేజ్ దారి ఎంచుకుంటే చాలానే మిగులుతుంది. అప్పుడు మొదట సిల్స్‌లో తుప్పు ఉందేమో చూపించండి.

ఎప్పుడైనా అమ్మితే సొంత వాడకం కారు మీద లాభానికి పన్ను ఉండదు, కానీ వాడినట్టు రుజువుండాలి. 1931 ఫోర్డ్ టూరర్ కేసులో రుజువు లేదని బాంబే హైకోర్టు 2025లో పన్ను వేయడాన్నే సమర్థించింది. పెట్రోలు బిల్లులు, సర్వీసు రసీదులు, బీమా పత్రాలు, సాగర్‌లో దిగిన తేదీ ఉన్న ఫొటోలు ఒక ఫైల్లో పెట్టండి. ఆర్‌సీ ఇంకా మామగారి పేరు మీదే ఉంటే ఫారం 29, 30తో ఈ నెలలోనే మార్పించుకోండి.