‘స్మృత్యార్ధం’ అని చెక్కించవచ్చా?

ప్రశ్న: కార్గిల్‌లో ప్రాణాలు కోల్పోయిన మా ఊరి జవాను పేరిట ఒక రాయి నిలుపుతున్నాం. దాని మీద చెక్కించాలనుకున్న మాటలు ఇవి: ‘1999 కార్గిల్ యుద్ధంలో అమరుడై వీరమరణం పొందిన మా ముద్దుబిడ్డ స్మృత్యార్ధం గ్రామస్తులు ఈ స్థూపమును ప్రతిష్ఠించడమైనది.’ చనిపోయినవాణ్ణి ‘అమరుడు’ అనడం తప్పని ఒక పెద్దాయన అంటున్నారు. నిజమేనా?

సమాధానం: ఆ మాటలో తప్పేమీ లేదు. అమరులంటే దేవతలు. అమరకోశమనే పాత సంస్కృత నిఘంటువులో దేవతల పేర్లు ‘అమరా నిర్జరా దేవాః’ అనే మొదలవుతాయి. యుద్ధంలో పడినవాడు స్వర్గానికి వెళ్తాడని మన పాతవాళ్ల నమ్మకం. పోరులో పడిన వీరుల పేరిట నిలిపిన వీరగల్లులు మన ఊళ్లలో కనిపిస్తాయి, వాటిని దగ్గరగా చూడండి. చాలావాటి మీద కింది వరసలో వీరుడు కత్తి దూసి పోరాడుతుంటాడు, పై వరసలో అప్సరసలు అతన్ని చెరో పక్కన పట్టుకుని తీసుకుపోతుంటారు. ‘అమరుడయ్యాడు’ అన్న మాటకు అదే బొమ్మ. (వీర + కల్లు = వీరగల్లు. ఇక్కడ కల్లంటే రాయి, సన్నికల్లులో ఉన్నదే.) అయితే ‘అమరుడై వీరమరణం పొందిన’ అని రెండూ కలపకండి, ఒకటి చాలు.

నాకు బాధ కలిగించింది ‘స్మృత్యార్ధం’. స్మృతి + అర్థం = స్మృత్యర్థం. యణాదేశ సంధి ఇది, దీర్ఘం రాదు. పైగా అర్ధం అంటే సగం. ‘కోసం’ అనే అర్థం రావాలంటే థ ఉండాలి. చెక్కాక ధ పొట్టలో చుక్క పొడిపించి థ చేయించవచ్చేమో గానీ, రాతిలో దిగిన దీర్ఘాన్ని ఎవరూ చెరపలేరు.

ఇంకో చిత్రం చూడండి. థ అక్కర్లేని చోట పెట్టారు, కావలసిన చోట తీసేశారు. స్తూపానికి త ఒత్తే. అమరావతిలో ఉన్నదీ స్తూపమే. స్తంభం కూడా అంతే. గ్రామంలో ఉండేవాళ్లు మాత్రం గ్రామస్థులు, గృహస్థులో ఉన్న ‘స్థ’ ఇది.

‘గ్రామస్థులు... ప్రతిష్ఠించడమైనది’ అతకదు. ఆఫీసు నోటీసు భాష అది. ‘నిలిపారు’ అంటే సరిపోతుంది. నేనైతే ఇలా రాస్తాను:

‘1999 కార్గిల్ యుద్ధంలో దేశం కోసం ప్రాణాలర్పించిన మా ఊరి బిడ్డ స్మృత్యర్థం గ్రామస్థులు ఈ స్తూపం నిలిపారు.’

ఇంతకన్నా పెద్ద అక్షరాల్లో, పైన, ఆయన పేరు ఉండాలి. ర్యాంకు, రెజిమెంటు, పుట్టిన తేదీ, అమరుడైన తేదీ వేయించండి. దాతల పేర్లు ఆ రాయి మీద వద్దు, పక్కన ఇంకో పలక పెట్టుకోండి. చెక్కేవాడికి కాగితం ఇచ్చే ముందు ఆయన ఇంట్లోవాళ్లకు ఒకసారి చూపించండి. ఇంటిపేరు వాళ్లు రాసుకునే తీరులోనే ఉందో లేదో వాళ్లే చెప్పాలి.