గ్రీజ్ ట్రాప్ మూత తీసేముందు

చిట్టితల్లీ,

నువ్వు సొంతంగా కిచెన్ పెడుతున్నావని మీ అమ్మ చెప్పగానే ఎంత మురిసిపోయానో! రాత్రికి మాత్రం నిద్ర పట్టలేదు. పొయ్యిల గురించి, పాత్రల గురించి చెప్పేవాళ్ళు నీకు చాలామంది ఉంటారు. సింకు నీళ్ళలోని జిడ్డుని ఆపే తొట్టి, అదే గ్రీజ్ ట్రాప్, దాని సంగతి ఎవరూ ఎత్తరు.

గిన్నెల జిడ్డు ముందే తుడిచెయ్యాలి, వాడిన నూనె డబ్బాలో పొయ్యాలి, సింకుకి జాలీ ఉండాలి, టాయిలెట్ పైపు ట్రాప్‌లోకి కలపకూడదు. ఇవన్నీ నీకు తెలిసినవే.

ట్రాప్ నీళ్ళని కాసేపు నిలబెడుతుంది. జిడ్డు పైకి తేలుతుంది, మడ్డి అడుక్కి దిగుతుంది, మధ్యలో నీళ్ళే బయటికి పోతాయి. జిడ్డూ మడ్డీ కలిపి లోతులో నాలుగో వంతు అయ్యేలోగా తీయించాలి. పని ఒత్తిడిలో నేను నెలల తరబడి దాని మొహం చూడలేదు. నీళ్ళు మెల్లగా పోతున్నాయని మరిగే నీళ్ళు, సబ్బు గుమ్మరించాను. కరిగిన జిడ్డు ట్రాప్ దాటిపోయి అవతలి పైపులో గడ్డకట్టింది. ఒక మధ్యాహ్నం మురుగంతా వంటింట్లోకి ఎగదన్నింది.

అక్కడైనా ఆగానా? బయట భూమిలో ఉన్న పెద్ద గ్రీజ్ ట్యాంకులోకి, మా దగ్గర పనిచేసే కుర్రాణ్ణి "దిగి చూడరా" అన్నాను. మూత తీస్తే కుళ్ళిన గుడ్ల కంపు. కాసేపటికి "వాసన పోయిందమ్మా" అన్నాడు. పోయింది వాసన కాదు తల్లీ, వాడి ముక్కు. ఆ కంపు కొట్టే విషవాయువు, హైడ్రోజన్ సల్ఫైడ్, ఎక్కువైతే వాసన తెలియకుండా చేస్తుంది. రెండు మెట్లు దిగాడో లేదో చేతులు పట్టు వదిలేశాయి. పైనున్న ఇద్దరు చంకల్లో చేతులేసి లాగారు కాబట్టి బతికాడు. ఇప్పుడు వాడికి ఇద్దరు పిల్లలు. వాళ్ళని చూసినప్పుడల్లా ఆ నిచ్చెనే గుర్తొస్తుంది.

ఎవర్నీ దించకు. ఎంత తొందరైనా సరే, మురుగు పీల్చే లారీని పిలిపించు. ఎవరైనా పడితే కాపాడతానని ఇంకొకర్ని దూకనివ్వకు. కోప్పడుతున్నాననుకోకు బంగారం, భయంతో అంటున్నాను.

తీయించేటప్పుడు పై తెట్టు ఒక్కటే కాదు, మొత్తం ఖాళీ చేయించి గోడలు గీకించు. మళ్ళీ మంచినీళ్ళు నింపాకే సింకు వాడు, లేకపోతే జిడ్డు ఆగకుండా వెళ్ళిపోతుంది. జిడ్డు కరిగించే మందులు అమ్ముతారు, నమ్మకు. అవీ నా మరిగే నీళ్ళలాంటివే.

ప్లంబరు గీసిన డ్రాయింగ్ ఫోటో తీసి పంపు. మూత ఎక్కడ వస్తుందో నేను చూడాలి.

మీ పెద్దమ్మ