జీబ్రా గీతల దగ్గర బండి ఎందుకు ఆగదు?

ప్రశ్న: మా కాలనీ ముందు వైపుకు మూడు లేన్ల మెయిన్ రోడ్డు. జీబ్రా గీతలున్నాయి, సిగ్నల్ లేదు. ఎంతసేపు నిలబడ్డా ఎవరూ ఆపరు. చట్టం ఏమంటుంది? - ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: చట్టం మీ వైపే ఉంది. 2017 డ్రైవింగ్ నిబంధనల ప్రకారం సిగ్నల్ లేని క్రాసింగ్ దగ్గర బండి వేగం తగ్గించి, ఆగి, నడిచేవారికి దారివ్వాలి. ఆపకపోతే చలాను పడుతుందన్న భయం మాత్రం ఎవరికీ లేదు.

అసలు చిక్కు వేగంతో. గంటకు 50 కి.మీ. అంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. మిమ్మల్ని చూసి బ్రేక్ మీద కాలు వేసేలోపే ఆ 14 మీటర్లు అయిపోతాయి, పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో 14 కావాలి. అదే 30లో వస్తే మొత్తం 14 మీటర్లలోపే ఆగొచ్చు. కాబట్టి 50లో వచ్చేవాడు ఆపాలనుకున్నా ఆపలేడు, హారన్ కొట్టి పోతాడు.

ఒక బండి ఆగినప్పుడే ప్రమాదం ఎక్కువ. బస్సు ఆగిందని మీరు అడుగేస్తారు. దాని కుడిపక్క నుంచి దూసుకొచ్చే బైకు మీకు కనబడదు, మీరు వాడికి కనబడరు. బస్సు ముందు అంచు దగ్గర ఆగి, తొంగి చూసి, పక్క లేన్ ఖాళీ అయితేనే కదలండి.

మున్సిపాలిటీకి అర్జీ పెడితే గీతలకు రంగు వేయమని మాత్రమే రాయకండి, దానివల్ల వేగం తగ్గదు. క్రాసింగ్‌నే 10-15 సెం.మీ. ఎత్తు చేయమనండి. స్టాప్ లైన్‌ను ఇంకో నాలుగైదు మీటర్లు వెనక్కి జరపమనండి, అప్పుడు ఆగిన బస్సు పక్క లేన్‌ను అంతగా కప్పేయదు. గీతల పక్కన పార్కింగ్ తీసేయించమనండి.

ప్రశ్న: నేను ఆపుతాను, కానీ వెనకవాళ్లు గుద్దుతారేమోనని భయం. - కారు నడిపే పాఠకుడు, విజయవాడ

జవాబు: భయం నిజమైనదే, సడన్ బ్రేక్ వేస్తే గుద్దుతారు కూడా. 40 మీటర్ల ముందే యాక్సిలరేటర్ వదిలి, అద్దం చూసుకుని, బ్రేక్‌ను రెండు మూడుసార్లు తేలిగ్గా నొక్కండి. వెనకవాడికి ఎర్ర లైటు ముందే కనబడుతుంది. స్టాప్ లైన్ దగ్గరే ఆగండి, గీతల మీదికి ఎక్కకండి. 'రండి' అని చెయ్యి మాత్రం ఊపొద్దు. పక్క లేన్‌లో వచ్చేవాడికి మీరు పూచీ పడలేరు కదా!

ఫ్రీ లెఫ్ట్ దగ్గర ఇంకో పేచీ ఉంది. ఎడమకు తిరుగుతూ మీ కళ్లు కుడినుంచి వచ్చే బండ్ల మీదే ఉంటాయి, దాటే మనిషి ఎడమ గట్టు మీంచి దిగుతాడు. కదిలే ముందు ఎడమకు మరొక్కసారి చూడండి.