జ్వరం దిగినా పొదుగువాపు పోలేదు, ఎందుకు?

ప్రశ్న: మా ఆవు ఈని పది రోజులైంది. పొదుగు ఒకవైపు వాచి, పాలలో పెరుగు తరకల్లాంటివి పడుతున్నాయి. నొప్పి సూది వేయిస్తే సాయంత్రానికి జ్వరం దిగి మేత ముట్టింది. మర్నాడు రాత్రికి మళ్లీ ఒళ్లు కాలిపోతోంది. మందు నకిలీదా? ఇంకో సూది వేయించమంటారా?

జవాబు: మీరు రాసినదాన్నిబట్టి మందు పనిచేసింది. అది చేసే పనే అంత.

పొదుగులో సూక్ష్మజీవులు చేరగానే అక్కడి కణాల పైపొరలోని కొవ్వు నుంచి అరాకిడోనిక్ ఆమ్లం విడుదలవుతుంది. దాన్ని కాక్స్ అనే ఎంజైము ప్రోస్టాగ్లాండిన్లుగా మారుస్తుంది. పొదుగు వేడెక్కడం, నీరు దిగి గట్టిపడటం, చెయ్యి తగిలితే చాలు ఆవు కాలు విసరడం వీటి వల్లే. మెదడులోనూ ఇవే తయారై జ్వరం తెస్తాయి. మెలాక్సికామ్, ఫ్లూనిక్సిన్ వంటి నొప్పి సూదులు ఆ కాక్స్‌ను అడ్డుకుంటాయి. మనం మింగే ఆస్పిరిన్‌దీ ఇదే దారి. 1971లో బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్ ఈ సంగతి తేల్చేదాకా, ఎలా పనిచేస్తుందో తెలియకుండానే లోకమంతా డెబ్భై ఏళ్లు దాన్ని మింగింది!

సూక్ష్మజీవుల జోలికి మాత్రం ఇవి పోవు. మందు ప్రభావం తగ్గగానే జ్వరం తిరగబెట్టింది అందుకే. మీ ఆవుకు కావలసింది అసలు రోగానికి వైద్యం. యాంటీబయాటిక్ వేయకముందే శుభ్రమైన సీసాలో పాల నమూనా తీసి పరీక్షకు ఇవ్వండి. వాచిన వైపు పాలు రోజుకు నాలుగైదుసార్లు పూర్తిగా పిండి పారబోయండి.

రెండో సూది మీ అంతట మీరు వేయించకండి. కడుపు లోపలి పొరను కాపాడేదీ, మూత్రపిండాలకు రక్తం సరిగా అందేలా చూసేదీ ప్రోస్టాగ్లాండిన్లే. నీళ్లు సరిగా తాగని పశువుకు మోతాదు మించితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. మెడ మీద చర్మం పట్టి లాగి వదలండి. మడత వెంటనే సర్దుకోకపోతే ముందు నీళ్లు ఎక్కాలి. పేడ తారులా నల్లగా పడితే నాలుగో పొట్టలో పుండు పడి రక్తం కారుతోందని అనుమానించాలి. పేరు మారినంత మాత్రాన మందు మారదు. ఈ జాతి మందులు రెండు కలిపి ఇవ్వకూడదు, స్టెరాయిడ్ మందైన డెక్సామెథాసోన్‌తో కలిపి అసలే వద్దు. మెలాక్సికామ్ అయితే సగం ఒంట్లోంచి పోవడానికే పాలిచ్చే ఆవుకు పదిహేడు, పద్దెనిమిది గంటలు పడుతుంది.

డైక్లోఫెనాక్ పశువులకు వద్దే వద్దు. అది వేసిన పశువు చనిపోతే, ఆ కళేబరం తిన్న రాబందులు మూత్రపిండాలు పాడై చస్తాయి.

మీరు వేయించిన మందు పేరు రాయలేదు. ఖాళీ సీసా ఉంటే డాక్టరుకు చూపించి, ఎన్ని గంటలకు వేశారో చెప్పండి. పాలు ఎన్ని రోజులు వాడకూడదో కూడా అప్పుడే అడగండి.